దుమ్ము తినే ఆడవాళ్ళు

ఇటుక కోసే మెషిన్ ఆగిపోయాక కూడా షెడ్డులో దుమ్ము చాలాసేపు కిందికి దిగలేదు. రేకుల సందుల్లోంచి పడే ఎండలో పాలపొడిలా తెల్లగా, మెత్తగా తిరుగుతూనే ఉంది. ఈశ్వరి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, స్కెచ్ పుస్తకం పట్టుకుని గోడవారగా నిలబడింది. అప్పుడే గీసిన గీత మీద సన్నటి పొడి పేరుకుంది. ఊదితే పోయింది. మళ్ళీ వచ్చింది.

మెషిన్ ముందు పీట మీద కూర్చున్న మనిషి తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి దులిపాడు. అతని కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు, మెడ మీది ముడతలు అన్నీ తెల్లగా ఉన్నాయి. కోసిన ఇటుకను రెండు అరచేతుల మధ్య పట్టుకుని, అంచు వెంట బొటనవేలు నడిపి చూసి, పక్కన వరసలో పెట్టాడు. వరసలోని ఇటుకలన్నిటికీ ఒకటే వాలు. కొలిమి లోపలి గోడ గుండ్రంగా తిరిగేది ఆ వాలు వల్లనే.

"ఈయన చలమయ్య, మేడమ్. మా దగ్గర అందరికంటే పాత మనిషి. కొలబద్ద లేకుండా కోసేస్తాడు," అన్నాడు సాయిశంకర్.

సాయిశంకర్ ఆ కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్. భీమవరం అబ్బాయి, ముప్పై ఇంకా నిండలేదు. ఎక్కడెక్కడి కొలుములకో కావలసిన ఇటుకలు ఆటోనగర్‌లోని ఈ షెడ్డులో తెగుతాయి. ఈశ్వరి బొమ్మలు వేసే ఫ్లెక్సు షాపును వెతుక్కుంటూ వారం కిందట అతనే వచ్చాడు. ఇన్‌స్టాలో ఆమె పెట్టిన బొమ్మలు చూశాడట. అవి ఒక జపాన్ కార్టూన్ మీద పిచ్చితో ఆమె సొంతానికి వేసుకున్నవి. బొమ్మల పుస్తకంగా మొదలై తరువాత టీవీకెక్కిన ఆ కథల్లో మనిషి ఒళ్ళే పెద్ద ఊరు, ఒంట్లోని కణాలే మనుషులు. ఎర్ర కణాలు గాలి నింపిన పెట్టెలు మోసుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతాయి. తెల్ల కణాలు కత్తులు పట్టుకుని కాపలా కాస్తాయి. ఎక్కడైనా దెబ్బ తగిలి దారి తెగితే చిట్టి చిట్టి పిల్లలు గుంపుగా వచ్చి గండి పూడుస్తారు. కథకో జబ్బు ఊరి మీద పడుతుంది. చివరికి ఎలాగో ఊరు నిలబడుతుంది.

"మొత్తం చూశానండీ నేను," అన్నాడు సాయిశంకర్ ఆ రోజు, కళ్ళు మెరుస్తుంటే. "ఇంకోటి కూడా తీశారు చూశారా? మందూ సిగరెట్లూ ఉన్నవాడి ఒళ్ళు. అందులో కణాలు మన కాంట్రాక్టు లేబర్ లాగే ఉంటాయి, సెలవు లేదు, తిండి లేదు."

ఈశ్వరి నవ్వింది. గాజువాకలో ఆ కార్టూన్ గురించి తనతో మాట్లాడిన మొదటి మనిషి అతనే.

"మార్చి నాలుగు సేఫ్టీ డే. ఏటా బ్యానర్ కట్టి, ప్రతిజ్ఞ చేయించి, సమోసాలు పంచి పంపేస్తాం. ఈసారి అలాంటి పుస్తకం తెలుగులో వేసి ఒక్కొక్కడి చేతిలో పెడదామండీ. దుమ్ము లోపలికెళ్ళి ఏం చేస్తుందో చూస్తే ఎవడైనా మాస్కు పెట్టుకుంటాడు. పదహారు పేజీలు. అట్ట మీద మీ పేరు ఉంటుంది."

అట్ట మీద పేరు. ఆరేళ్ళుగా ఆమె నాయకుల పుట్టినరోజులకు, పిల్లల మొదటి పుట్టినరోజులకు, పెద్దకర్మలకు ముఖాలు దిద్దుతోంది. నాలుగు వీధుల కూడలిలో ఆమె చేసిన ముఖాలు ఎండకు వెలిసి, వానకు చిరిగి, చివరికి పశువుల పాకల మీద కప్పుగా పడి ఉండేవి. వాటిలో దేని మీదా ఆమె పేరు లేదు.

ఇప్పుడు ఆమె మెషిన్ పక్కన వంగి చూసింది. చక్రం మీదికి వంచిన సన్నటి పైపు ఒకటి సగంలో తెగి వేలాడుతోంది.

"ఇదేటండీ?"

"నీళ్ళ పైపు. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు." సాయిశంకర్ మెడ వెనక గోక్కున్నాడు. "మోటారు పోయింది. రాసి పంపాను."

చలమయ్య లేచి నిలబడ్డాడు. నిలబడి, మెషిన్ బల్ల అంచు పట్టుకుని దగ్గడం మొదలుపెట్టాడు. పెద్ద దగ్గు కాదు. తలుపు అవతల ఎవరో ఆపకుండా తడుతున్నట్టు చిన్న చిన్నగా, చాలాసేపు. సాయిశంకర్ వేరే వైపు చూశాడు. ఈశ్వరి ఆ వంగిన వీపు గీసింది.

*

మధ్యాహ్నం అన్నాలవేళ షెడ్డు వెనక గోడ నీడలో చలమయ్య గిన్నె విప్పుతూ ఆమెను పిలిచాడు.

"ఏటమ్మా, నన్ను బొమ్మేత్తన్నావంట? నాకంటే మంచి మొకమే దొరకనేదా?"

"నీ మొకమే బాగుంది బాబాయ్."

"ఇన్నావేట్రా కోటీ? బాగుందంట," అన్నాడు చలమయ్య పక్కనున్నవాడితో. కోటి షెడ్డులో ఇటుకలు మోస్తాడు. ఇద్దరు పిల్లల తండ్రి, బుజాలు తలుపురెక్కల్లా ఉంటాయి.

"దుమ్ము కడిగితే తెలుత్తాది బావా, బాగుందో నేదో," అన్నాడు కోటి.

ఈశ్వరి ఫోన్ తీసి కార్టూన్ పెట్టింది. మాటలు జపాన్ భాషలో ఉంటే ఆమె పక్కన కూర్చుని చెబుతూ పోయింది. ఇది రక్తం, ఇది గుండె, ఇదిగో ఈ ఎర్ర టోపీవాళ్ళు గాలి మోస్తున్నారు. ముద్ద చేతిలోనే ఎండిపోతుంటే చలమయ్య ఫోన్ మీదికి వంగి చూశాడు. ఎర్ర టోపీ పిల్ల ఒకతి దారి తప్పి, పెట్టె మోసుకుంటూ అటూ ఇటూ పరుగెడుతుంటే పకపకా నవ్వాడు.

"అచ్చం మన కోటిగాడేరా! మొన్న లోడు తీసుకెల్లి ఏరే షెడ్డులో దించీసినాడు సూడు, అలగే."

"నువ్వు కాల్సిన సుట్టకి నాను దారి తప్పినాను," అని కోటి అనబోతే చలమయ్య మోచేత్తో పొడిచాడు. "నాను సుట్టెప్పుడు కాల్సినాన్రా? మా అయ్య కాల్సి సచ్చిపోనాడని నాను ముట్టనే నేదు. ఈడు సెప్పిందల్లా రాసుకోకమ్మా."

కార్టూన్‌లో జలుబు వచ్చింది. పోయింది. తెల్లబట్టలవాడు కత్తి తుడుచుకున్నాడు. చలమయ్య ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, మింగి, అప్పుడడిగాడు.

"మరి రాతిపొడి ఒచ్చిందనుకో. అప్పుడేటి సేత్తారు ఈల్లు?"

ఈశ్వరి ఫోన్‌లో కథల పట్టీ పైకీ కిందికీ జరిపింది. ఆ కార్టూన్‌లో అన్ని జబ్బులూ ఉన్నాయి గాని ఆ జబ్బు లేదు.

*

జవాబు కోసం ఆమె మూడు రోజులు వెతికింది. తెలుగులో దొరకలేదు. ఇంగ్లీషులో దొరికినదాన్ని ఒక్కో వాక్యం విప్పుకుంటూ చదివింది. సందేహం వచ్చిన చోట సాయిశంకర్‌కు ఫోన్ చేసింది. అతను ఉత్సాహంగా, ఓపిగ్గా చెప్పాడు.

ఊపిరితిత్తుల్లో చెత్త తీసే కణాలు ఉంటాయి. లోపలికి వచ్చినదాన్నల్లా మింగి అరిగించుకోవడమే వాటి పని. ఈ రాతిపొడి మాత్రం అరగదు. మింగిన కణాన్నే లోపలినుంచి చీరేస్తుంది. కణం చచ్చి పగిలితే పొడి ఎలా వచ్చిందో అలాగే బయట పడుతుంది. ఇంకో కణం వచ్చి దాన్నే మింగుతుంది. అదీ చస్తుంది. చచ్చిన చోటల్లా మచ్చ కట్టి గట్టిపడి, ఊపిరికి చోటు తగ్గిపోతుంది. మెషిన్ దగ్గర్నుంచి మనిషి లేచి వచ్చేసినా లోపల అది ఆగదు.

ఆ కణాలకు జపాన్ బట్టలు తొడగబుద్ధి కాలేదు ఆమెకు. హార్బర్‌లో తన అమ్మతోపాటు చేపలు ఏరే ఆడవాళ్ళను వేసింది. చీర మోకాళ్ళ పైకి దోపి, తలమీద చుట్టకుదురు పెట్టి, చేతుల్లో గంపలు. మొదటి బొమ్మలో వాళ్ళు పాటలు పాడుకుంటూ ఊడుస్తుంటారు. తరువాత పైనుంచి గాజుపెంకుల్లాంటి పొడి రాలుతుంది. ఒకామె దాన్ని గంపకెత్తి నోట్లో పోసుకుంటుంది. కడుపు పట్టుకుంటుంది. తరువాతి గడిలో ఆమె లేదు. పొడి మాత్రం ఉంది. పక్కనున్నామె వంగి దాన్ని ఎత్తుతోంది. ఆ వెనక ఇంకొకామె వరసలో నిలబడి తన వంతు కోసం చూస్తోంది.

ఒంటి యజమానికి చలమయ్య ముఖం పెట్టింది. కోలముఖం, లోపలికి పోయిన చెంపలు, నవ్వితే కళ్ళు మూసుకుపోవడం. ఆరేళ్ళలో ఆమె వేసిన ముఖాల్లో చూడగానే మాట్లాడేలా ఉన్నది అదొక్కటే.

ఆదివారం ఆ పేజీలు అచ్చు తీసి కవర్లో పెట్టుకుని, అగనంపూడి వైపు నిర్వాసితుల కాలనీలో చలమయ్య ఇంటికి వెళ్ళింది. అతని భార్య అప్పలనర్స పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తలగుడ్డ ఒక్కటే వేరే బకెట్లో నానుతోంది. ఆ నీళ్ళు సున్నపునీళ్ళలా ఉన్నాయి.

చలమయ్య అరుగు మీద కూర్చుని, ఒక్కో గడి మీద వేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ చదివాడు. తన ముఖం కనపడగానే భార్యను పిలిచి చూపించాడు. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని వచ్చి, "ఓలమ్మో, మనిసిని దించీసింది పిల్ల!" అని చూసి, మళ్ళీ బట్టల దగ్గరికి పోయింది. అతను పేజీ తిప్పాడు. ఆడవాళ్ళ పేజీ. దాని మీద వేలు చాలాసేపు ఆగిపోయింది. వెనక్కి తిప్పి మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఈ పొడి ఇంక బయటికి పోదా?"

"పోదు బాబాయ్."

"రెండుసార్లు టీబీ మాత్తర్లు మింగినాను, ఆరేసి నెల్లు. టీబీ కాదేటి ఇది?"

ఈశ్వరి ఖాళీ కవరు మడతలు సరిచేసింది.

"అంటే ఇది తగ్గదేటమ్మా?"

ఆ మాట వినేదాకా ఆమెకు తట్టలేదు. అతనికి తెలుసనుకుంది. దగ్గుతున్న మనిషికి తన దగ్గు గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారనుకుంది. బొమ్మ బాగా వచ్చిందన్న సంతోషంలో, పరీక్ష రాసిన పిల్లలా పేజీలు పట్టుకుని వచ్చేసింది.

"మాస్కు పెట్టుకుని... ఆ పని మానేస్తే మెల్లిగా..."

"నువ్విక్కడ ఏసినావు కదమ్మా, మానేసినా ఆగదని." అతను ఆ గడి చూపించాడు. గొంతులో కోపం లేదు. పెరట్లోకి ఒకసారి చూసి, ఆ పేజీని కింద పెట్టేసి మిగతావి దాని మీద సర్దాడు. "నర్సకి సదువు రాదులే. సెప్పకు."

చివరి పేజీలో మెషిన్ బొమ్మ ఉంది. తెగిన పైపు అతికించి, నీళ్ళు పారుతూ, దుమ్ము లేవకుండా ఇటుక తెగుతోంది. కింద ఆమె రాసింది: నీళ్ళు పెట్టకుండా మెషిన్ వెయ్యవద్దు, అడగడం మీ హక్కు.

"ఇది బాగుంది. ఇది తీయకమ్మా. ఎవులేటన్నా సరే ఈ కాయితం ఉంచు," అన్నాడు చలమయ్య. "నాకెలాగూ ఒద్దు గాని, కోటిగాడికి పనికొత్తాది."

*

బుధవారం సాయిశంకర్ షాపుకు వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"డైరెక్టర్ గారు చూశారు మేడమ్. లాయర్ గారికి కూడా పంపారు." ఫోన్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "దుమ్ము వల్ల ఈ జబ్బొస్తుందని కంపెనీ పుస్తకంలోనే అచ్చేస్తే, రేపు ఎవడైనా లేబర్ ఆఫీసుకెళ్తే అదే సాక్ష్యం అంటున్నారు."

"ఇప్పుడేటి చెయ్యమంటారు?"

"బొమ్మలు చాలా నచ్చాయండీ వాళ్ళకి. అవన్నీ ఉంచమన్నారు. దుమ్ము బదులు బీడీ పొగ. చలమయ్య చేతిలో ఒక బీడీ. చివరి పేజీ నీళ్ళ పైపు తీసేసి, పొగ మానండి అని పెట్టమన్నారు." ఆమె ముఖం చూసి గబగబా అన్నాడు, "ఆ కార్టూన్‌లో కూడా ఉంది కదండీ, సిగరెట్లవాడి ఒళ్ళు."

"అది వేరే జబ్బండీ. మీరే కదా చెప్పారు నాకు. చలమయ్య బాబాయ్ బీడీ ముట్టడు."

"నాకు తెలుసు." అతను గొంతు తగ్గించాడు. "నేను రెండు రోజులు వాదించానండీ. ఇంకా వాదిస్తే వచ్చే సేఫ్టీ డేకి నా కుర్చీలో ఇంకొకడుంటాడు. ఏదో ఒక పుస్తకం రావడం మేలు కదా. కాల్చేవాళ్ళు కొందరైనా మానతారు."

షాపు యజమాని శ్రీనివాసరావు కంప్యూటర్ వెనకనుంచి తల ఎత్తాడు. "నీకిష్టం లేకపోతే వదిలెయ్ అమ్మా. ఫైలు బాబీకిస్తా. సాయంత్రానికి మార్చేస్తాడు. నీ పేరు కూడా తీసేస్తాం, గొడవ ఉండదు."

బాబీ పక్క సిస్టమ్ మీద ఒక నాయకుడి మెడకు పూలదండ అతికిస్తున్నాడు. దండ మెడ మీద కాకుండా గడ్డం మీద పడింది. దాన్ని అలాగే లాగి సరిపెట్టాడు. ఈశ్వరి ఆ చేతుల వైపు చూసింది. తన ఆడవాళ్ళ మీద ఆ చేతులు పడతాయి. ఇంటర్నెట్‌లోంచి ఎత్తుకొచ్చిన పొగ ముక్క తెచ్చి వాళ్ళ ముఖాల మీద అతికిస్తాడు. గీతలన్నీ చచ్చిపోతాయి.

"నేనే చేస్తాను," అంది.

గంట కూడా పట్టలేదు. పొడి అంతా ఒక పొర మీద వేరుగా గీసి పెట్టుకుంది కాబట్టి ఒక్క నొక్కుతో పోయింది. ఆడవాళ్ళు ఖాళీ గంపల్లోకి వంగి మిగిలారు. పొగ వేయడం ఆమెకు బాగా వచ్చు. సన్నగా మొదలై, మెలిక తిరిగి, గంపల మీదుగా పాకి, వాళ్ళ చుట్టకుదుళ్ళ చుట్టూ తిరిగేలా వేసింది. చలమయ్య కుడిచేతి వేళ్ళు రెండు విడదీసి మధ్యలో బీడీ పెట్టింది. చివర చిన్న ఎర్ర చుక్క.

ముఖమైనా మారుద్దామనుకుంది. మీసం పెట్టింది. చెంపలు నింపింది. జుట్టు మార్చింది. మూడు ముఖాలు ప్రయత్నిస్తే మూడూ ఫ్లెక్సుల మీది ముఖాల్లా చూశాయి. ఒక్కొక్కటీ వెనక్కి తీసేసింది. శ్రీనివాసరావు "అయిందా అమ్మా, ప్రెస్సువాడు ఫోన్ చేస్తున్నాడు," అన్నాడు. ఆ కోలముఖమే ఉండిపోయింది. అట్ట మీద కింది మూల తన పేరు అక్షరాలు కొంచెం పెద్దవి చేసి, మళ్ళీ సిగ్గేసి తగ్గించి, ఫైలు పంపేసింది.

*

సేఫ్టీ డేకి షెడ్డు ముందు షామియానా వేశారు. ఆ పూట మెషిన్లన్నీ ఆపి, నేల నీళ్ళు కొట్టి కడిగారు. ఈశ్వరిని ముందు వరసలో కూర్చోబెట్టి, డైరెక్టర్ చేత శాలువా కప్పించారు. ఆయన మృదువుగా మాట్లాడే పెద్దమనిషి. "మా కార్మికులు నా పిల్లలు. వాళ్ళ చెడు అలవాట్లు చూస్తే నాకు నిద్ర పట్టదు," అన్నాడు మైకులో.

పుస్తకాలు పంచారు. పుస్తకాల వెనకే అట్టకు క్లిప్పు పెట్టిన ఒక కాగితం వరసల్లో తిరిగింది. ఈశ్వరి పక్కనుంచి పోతుంటే చదివింది. పొగతాగడం వల్ల ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయని కంపెనీ నాకు తెలియజేసింది, చదివి అర్థం చేసుకున్నాను. కింద పేర్లు, సంతకాలు, వేలిముద్రలు.

ఆ కాగితం సంగతి సాయిశంకర్ ఆమెకు చెప్పలేదు. అతను స్టేజీ పక్కన వైర్లు సర్దుతూ, సర్దినవే మళ్ళీ సర్దుతూ ఉన్నాడు.

మూడో వరసలో నవ్వులు మొదలయ్యాయి.

"ఓ బావా! బీడీ కాల్తన్నావేటి, మాకు తెలీకుండాను?" కోటి పుస్తకం పైకెత్తి అందరికీ చూపించాడు. "సూడండ్రా, సూడండి, ఏల్ల మద్దినెట్టి దొరబాబులాగున్నాడు!"

వెనకనుంచి ఎవరో ఈల వేశారు. చలమయ్య కూడా నవ్వాడు. అతని కళ్ళు మూసుకుపోయాయి. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. వంగి, ముందు కుర్చీ వీపు పట్టుకుని, చిన్న చిన్నగా చాలాసేపు దగ్గాడు.

"తగ్గించాలి బావా," అన్నాడు ఎవడో. "బీడీలు తగ్గించాలి." ఈసారి నవ్వు ఇంకా పెద్దదయింది.

దగ్గు ఆగాక చలమయ్య పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పాడు. ఆడవాళ్ళ పేజీ చూశాడు. చివరి పేజీకి పోయాడు. అక్కడ నీళ్ళ పైపు లేదు. పేజీ వెనక వైపు తిప్పి చూశాడు. రెండు కాగితాలు అతుక్కున్నాయేమోనని వేలితో విడదీసి చూశాడు. తరువాత తలెత్తి, వరసల మీదుగా ఆమె కోసం వెతికాడు. ఈశ్వరి శాలువా మడత పెట్టుకుంటూ తల దించుకుంది.

మళ్ళీ తలెత్తేసరికి కాగితం అతని దగ్గరికి చేరింది. తొడ మీద పెట్టుకుని, అక్షరం అక్షరం కూర్చుకుంటూ సంతకం పెడుతున్నాడు.

*

ఆ తరువాత అయిదు రోజులు ఆమె ఫోన్‌లో కార్టూన్ తెరవలేదు. ఆరో రోజు అసలు పేజీలన్నీ, దుమ్మూ నీళ్ళ పైపూ ఉన్నవి, మంచి కాగితం మీద అచ్చు తీసింది. పెద్దాసుపత్రిలో ఈ జబ్బు చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కుంది. లేబర్ ఆఫీసులో అర్జీ ఎలా పెట్టాలో ఒక యూనియన్ ఆయన్ను అడిగి రాసుకుంది. కావాలంటే తానే వెళ్ళి, పుస్తకం మార్చమన్నారని, మార్చింది తనేనని చెప్పడానికి కూడా సిద్ధపడింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ వాక్యాలు లోపల కూర్చుకుంది.

కూర్మన్నపాలెం జంక్షన్ దాటాక ఎండ మండిపోతోంది. పగలు పదకొండున్నరకు చలమయ్య ఇంట్లో ఉంటాడనుకోలేదు. అప్పలనర్సకు చెప్పి, సాయంత్రం దాకా కూర్చుందామనుకుంది. అతను అరుగు మీదే ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. జుట్టు నల్లగా, తడిగా దువ్వి ఉంది. ఆ ముస్తాబులో అతని ముఖం ఆమెకు కొత్తగా, చిన్నదిగా కనిపించింది.

"రామ్మా, రా. నర్సా, ఎవులొచ్చినారో సూడు."

అప్పలనర్స గుమ్మంలోకి వచ్చి చూసి, తిరిగి లోపలికి పోయింది.

"బాబాయ్, ఆ పుస్తకం..."

"తెలుసమ్మా. సాయిశంకర్ బాబు సెప్పినాడు. అందులో నీ సేతిలో ఏటుందిలే." అతను ఆమెను మంచం మీద కూర్చోమన్నాడు. "నన్ను మెసీన్ కాడినుంచి తీసీసినారు."

"పనిలోంచి తీసేశారా?"

"కాదు కాదు. కుర్సీ పని ఇచ్చినారు. అదే జీతం." చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "ఆల్లకి ఇంకా సానా సోట్ల సెడ్డులున్నాయంట. రాజమండ్రి, రాయగడ, ఇంకేటో. అన్ని సోట్లకీ కారులో తీసుకెల్తారంట. అక్కడ మీటింగెట్టి, పుస్తకం పంచి, ఇదిగో బొమ్మలోని మనిసి ఈడే అని నన్ను నిలబెడతారు. నాను మాట్లాడాలి. సాయిశంకర్ బాబే రాసిచ్చినాడు."

కాగితం విప్పి, దూరంగా పట్టుకుని చదివాడు. "అన్నలారా, తమ్ములారా. నాను పద్దెనిమిదేళ్ళు బీడీలు కాల్సినాను. నా పేనాన్ని నానే పాడు సేసుకున్నాను. నన్ను సూసి మీరు బుద్ది తెచ్చుకోండి."

లోపల గిన్నె ఒకటి నేల మీద గట్టిగా పడింది.

"బాబాయ్, ఇది చెప్పకు," అంది ఈశ్వరి. "నువ్వు సంతకం పెట్టినా సరే, డాక్టరు చేత రాయించొచ్చు. నేను కనుక్కున్నాను. నేనొస్తాను నీతో. బొమ్మలు మార్చింది నేనేనని చెప్తాను."

"సెప్తే?"

"కేసు అవుద్ది."

"ఎన్నాల్లు అవుద్ది?"

ఆ ప్రశ్న ఆమె యూనియన్ ఆయన్ను కూడా అడిగింది. ఆయన సంవత్సరాల లెక్క చెప్పాడు.

"తగ్గదని నువ్వే సెప్పినావు కదమ్మా," అన్నాడు చలమయ్య గొంతు తగ్గించి. తప్పు పట్టినట్టు కాదు, లెక్క గుర్తుచేసినట్టు. "అది తెలిసిన్నాడు రేత్తిరి బాగా ఆలోసించినాను. తెలవకపోతే ఇంకా కోసుకుంటానే ఉందును. మెసీన్ కాడ కూకుంటే ఏడాదో, రెండేల్లో. కుర్సీలో కూకుంటే ఇంకొన్నాల్లు. నాకు నిజంతో పనేటుంది? గాలితో పని."

అప్పలనర్స టీ గ్లాసు తెచ్చి మంచం కోడు మీద పెట్టింది. నిలబడింది.

"పిల్లా, నీకు దండమెడతాను, ఒక్క మాట సెప్పు. ఈదంతా అడుగుతన్నారు. మీ ఆయన దొంగసాటుగా కాల్సివోడంట కదా, నీకు తెలవదా అని. ముప్పయ్యేల్లు కాపరం సేసినాను. మొన్న రేత్తిరి ఆయన చొక్కా వోసన సూసినాను నాను. నాకే అనుమానం ఒచ్చీసింది." ఆమె గుమ్మం వైపు తిరిగింది. "అలగుంది నీ బొమ్మ."

"ఊరుకోయే," అన్నాడు చలమయ్య మెత్తగా. ఆమె లోపలికి పోయింది.

ఈశ్వరి టీ గ్లాసు తీసుకుంది. "మెషిన్ మీద ఇప్పుడెవరు?"

చలమయ్య కాగితం మడత పెట్టాడు. ఒక మడత, రెండు మడతలు.

"కోటిగాడు. సంబరపడుతన్నాడు, మోత పని తప్పిందని." కాగితం జేబులో పెట్టుకుని, "తడిగుడ్డ కట్టుకోమన్నాను," అన్నాడు.

వీధిలో గ్యాస్ బండి గంట కొట్టుకుంటూ పోయింది. ఈశ్వరి ఒళ్ళో కవరు ఉంది. అందులో నీళ్ళు పారే పేజీ అన్నిటికంటే పైన పెట్టుకుని వచ్చింది. "అదేటమ్మా?" అని అతను కవరు చూసి అడిగితే, "ఏటీ లేదు, షాపు కాయితాలు," అని కాళ్ళ దగ్గర పెట్టేసింది.

చలమయ్య జేబులో మళ్ళీ వెతికి, ఒక బీడీ కట్ట తీశాడు. కొత్తది, దారం కూడా తెంపలేదు. గోటితో దారం లాగి, ఒక బీడీ బయటికి తీసి, పెన్సిల్ పట్టుకున్నట్టు మూడు వేళ్ళతో పట్టుకున్నాడు.

"మాటలయిపోయాక దీన్ని అందరికీ సూపించి, కిందేసి తొక్కాలంట. రేపే మొదటి మీటింగు. అద్దంలో సూసుకున్నాను, కుదరట్లేదు. కాల్సేవోడు సూత్తే ఇట్టే పట్టేత్తాడు." అతను చెయ్యి ఆమె ముందుకు చాపాడు. "బొమ్మలో బాగా ఏసినావు గదా. ఏ ఏల్ల మద్దినెట్టాలో కాత్త సూపించమ్మా."

ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంది. గోళ్ళ సందుల్లో తెల్లపొడి ఇంకా పోలేదు. ఈశ్వరి లోపలి గుమ్మం వైపు చూసింది. ఎవరూ రాలేదు.

గ్లాసు కింద పెట్టింది. రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది. ఇటుకల అంచులు రాసుకుని రాసుకుని ఆ వేళ్ళు నున్నగా, గీతలు లేకుండా ఉన్నాయి. బీడీని చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ జరిపింది. బొటనవేలు వదులు చేసింది. మణికట్టు కొంచెం వంచింది.

"అంత గట్టిగా కాదు బాబాయ్. పట్టుకున్న సంగతే మర్చిపోయినట్టు ఉండాలి."

అతను మర్చిపోయినట్టు పట్టుకున్నాడు. గొంతు సర్దుకుని, వీధి వైపు తిరిగి, "అన్నలారా, తమ్ములారా," అన్నాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు. చివరిదాకా చెప్పి ఆమె వైపు తిరిగాడు.

"నమ్ముతారా?"

"నమ్ముతారు," అంది ఈశ్వరి.